గార్డుగారి పక్కచూపు

టీవీ కొనాలనుకున్నవాళ్ళు ఎవరైనా దానికి ఎదురుగా నిలబడి చూస్తారు. రిటైరైన రైల్వే గార్డు జీవరత్నం గారు మాత్రం పక్కనుంచి చూస్తారు. పక్కనుంచి అంటే కాస్త పక్కకు కాదు, ఇంకో అడుగు జరిగితే టీవీ వీపు కనబడేంత పక్కకు. అక్కడ గొంతుక్కూర్చుని, ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని, "బాబూ, సౌండు తీసెయ్" అంటారు.

చీపురుపల్లి మెయిన్ రోడ్డులో ఉన్న టీవీల షాపులో మోహనకృష్ణ అనే సేల్స్‌మన్ ఈ భోగం రెండేళ్ళుగా అనుభవిస్తున్నాడు. ప్రతి శనివారం పదకొండింటికి గార్డుగారు వస్తారు. జేబులోంచి ముడులు వేసిన పురికొస తీస్తారు. ఒక కొస మోహనకృష్ణ చేతికిచ్చి టీవీ దగ్గర పట్టుకోమంటారు. రెండో కొస పట్టుకుని వాషింగ్ మెషీన్లు దాటి, ఫ్రిజ్జులు దాటి, ఎక్కడో మూలకు చేరి అక్కడ కూలబడతారు.

"గార్డుగారూ, ఇది ఫోర్ కే అండి! ఎదరకొచ్చి సూడండి, సీమకి కాళ్ళెన్నో లెక్కెట్టొచ్చు."

"సీమకాళ్ళతో నాకేటి పనిరా నాయనా? ఇక్కడ్నించి సూస్తే ఆ అమ్మాయి మొహం పిండి జల్లినట్టున్నాది."

"అక్కడ్నించి ఎవులు సూస్తారండి?"

"సూసేవోళ్ళు సూస్తారు. తరవాతది ఎయ్."

షాపులో ఉన్న టీవీలన్నీ అయ్యాక "మా ప్లాస్మా టీవీ ముందు ఇయ్యేటీ పనికిరావు" అని తీర్పు చెప్పి, టీ తాగి వెళ్ళిపోతారు. ముప్పై రెండేళ్ళు గూడ్సుబండి గార్డుగా పనిచేసి, బండి చివర బ్రేకు వ్యానులోంచి తల పక్కకు పెట్టి చూసీ చూసీ మెడ అలాగే కుదురుకుపోయిందని ఊళ్ళోవాళ్ళు అనుకునేవారు. ఆయన భార్య దేవమణి కూడా అలాగే అనుకునేది. అనుకోక ఏం చేస్తుంది?

ఆ ప్లాస్మా సంగతీ చెప్పుకోవాలి. రిటైరైన ఏడాది, రెండువేల తొమ్మిదిలో, విశాఖపట్నం వెళ్ళి తెచ్చారు. యాభై అంగుళాలు. నలుగురు మోస్తే గానీ గుమ్మం దాటలేదు. అప్పట్లో అలాంటిది చీపురుపల్లిలో ఇంకొకటి లేదు. ఏ మూలనుంచి చూసినా బొమ్మ ఎంత బాగుండేదో వేడి అంత ఉండేది. ఒక వానాకాలం దేవమణి దాని ముందు వడియాలు ఆరబెట్టుకుంది. కరకరలాడుతూ వచ్చాయి.

ఎనిమిదేళ్ళు గడిచేసరికి దానికి దగ్గు పట్టుకుంది. టక్కుమని ఆరిపోవడం, పది నిమిషాలు అలిగి మళ్ళీ వెలగడం. మెకానిక్కు వెనక తలుపు విప్పి చూసి, "దీని సామాను ఇప్పుడు దొరకదమ్మా. ఇంక మీ చర్చిలో ప్రార్థన పెట్టించుకోండి" అన్నాడు.

దేవమణికి అసలు మంట ప్లాస్మా మీద కాదు, ఏడు గంటల సీరియల్ మీద. రోజూ ఏడింటికి ఆయన ఆ సీరియల్ పెడతారు. సౌండు పెట్టరు. కిటికీ తలుపులు బార్లా తీసి, కర్టెను ముడేసి పైన పెడతారు. లోపలికి దోమలు దండుగా వస్తాయి. ఆయన పేపరు అడ్డం పెట్టుకుని కూర్చుంటారు.

"సూడరు, సౌండెట్టరు, ఆపనివ్వరు! ఏటండి ఇది?"

"ఉండవే. అందులో ఆ పిల్లుంది సూడు, ఆ గుంట పెళ్ళి ఏటవుతాదో సూడాలి."

"పేపరెనకాల్నించా?"

పేపరు ఒక పేజీ తిరుగుతుంది.

నవంబరులో మేనల్లుడి గృహప్రవేశ ప్రార్థనకని గార్డుగారు నౌపడ వెళ్ళారు. రెండురోజులు ఉండాలి. ఆయన బండి ప్లాట్‌ఫారం దాటిందో లేదో దేవమణి ఫోన్ తీసింది.

"మోహనకృష్ణ బాబూ, మంచిదొకటి పట్టుకొచ్చీ. పాతది తీసుకుపో. ఆయనొచ్చీలోపు అయిపోవాల."

మోహనకృష్ణ ఆనందం పట్టలేక తనే ఆటో ఎక్కి వచ్చేశాడు. సాయంత్రానికి పాతది నలుగురి భుజాల మీద బయటికి వెళ్ళింది. కొత్తది ఒక్కడి చంకలో లోపలికొచ్చింది. సోఫాలో కూర్చుని చూసిన దేవమణికి ఒళ్ళు పులకరించింది. వంటల కార్యక్రమంలో వేగుతున్న ఆవాలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాయి.

గార్డుగారు తిరిగొచ్చి, సంచీ దించకుండానే కిటికీ పక్క మూలకు వెళ్ళి గొంతుక్కూర్చున్నారు. ఎడమ కన్ను మూసుకున్నారు.

"పాతది ఏదే?"

"ఎక్స్‌ఛేంజీకి ఇచ్చీసాను."

ఆయన అరవలేదు. అరిస్తే దేవమణి తిరిగి నాలుగు అని ఊరుకునేది. ఆ రాత్రి పులుసులో ములక్కాడ నమలకుండా పక్కన పెట్టేశారు. నలభయ్యేళ్ళ కాపురంలో ఆయన ములక్కాడ వదిలేయడం ఆమె చూడలేదు. మర్నాడంతా అలాగే ఉన్నారు. దేవమణికి కొత్త టీవీ మీద సగం మోజు పోయింది.

మూడోనాడు సాయంత్రం, ఆయన మామూలుగా ఏడింటి సీరియల్ పెట్టగానే, మనసు బాగోక, పనసపొట్టు కూర గిన్నెలో పెట్టుకుని ఎదురింటి సుభద్రమ్మ దగ్గరకు వెళ్ళింది. సుభద్రమ్మ వాళ్ళు పాతకాలం నుంచి వరి పండించుకునేవాళ్ళు. రెండేళ్ళ కిందట ఆమె భర్త జగన్నాధం ఎడ్లబండి మీంచి పడి మంచం పట్టాడు. పెద్ద శబ్దం వింటే ఆయనకు గుండెదడ. అందుకే ఆ ఇంట్లో టీవీ లేదు. ఆయన పిలిస్తే పలకాలి కాబట్టి సుభద్రమ్మ గుమ్మం దాటదు. వీధి గడప పక్కన నేలమీద కూర్చుంటుంది. ఆమె ఎడమ కన్నుకు చూపు లేదు.

"రా వదినా, కూకో" అని జరిగి చోటిచ్చింది సుభద్రమ్మ. "మీ ఇంట్లో దీపాలు బాగోలేదేటి? రెండ్రోజులై మడుసులు పిండి జల్లినట్టు..." అని నాలుక కరుచుకుంది.

దేవమణి తలెత్తింది. ఇరుకు వీధికి అవతల తన ఇంటి కిటికీ. బార్లా తెరిచి ఉంది. అందులోంచి ఏటవాలుగా తన కొత్త టీవీ. మొహాలన్నీ తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఎవరు ఆడో ఎవరు మగో కూడా తెలియడం లేదు.

"గార్డుగారికి సెప్పకు వదినా. ఒకరింట్లోకి తొంగిసూసినట్టుంటాది. తెలిస్తే నానింక ఇక్కడ కూకోలేను" అంది సుభద్రమ్మ గొంతు తగ్గించి. "మాటలినబడవు. మొహాలు సూసి కత కట్టుకుంటాను. మా ముసిలోడికి సెప్తాను. మంచం మీదున్నోడికి మరేటి కాలచ్చేపం? నిన్న ఏటీ కనబళ్ళేదు. ఏటయిందే, ఏటయిందే అని పేణం పీకీసాడు. ఇంక సేసేదేటి, ఆ గుంటకి పెళ్ళి సేసీసాను."

"ఎవులితో?"

"ఆ తెల్లకోటు డాకటేరు బాబుతో. కుర్రోడు మంచోడు వదినా."

దేవమణి మెల్లిగా ఎడమ కన్ను అరచేత్తో మూసుకుంది. గొంతుక్కూర్చుంది. ఈ గడపదాకా కొలిచిన పురికొసతో షాపులో మూలన కూర్చున్న మనిషి, దోమలు కుడుతున్నా కిటికీ వేయని మనిషి, పేపరు చాటున దాక్కున్న మనిషి, అందరూ ఒక్కసారిగా ఆమెకు అర్థమయ్యారు. నవ్వొచ్చింది. వెంటనే కోపమూ వచ్చింది. ఇన్నాళ్ళూ నాతో ఒక్క ముక్క అనలేదే!

మర్నాడు పొద్దున్నే మోహనకృష్ణకు ఫోన్ వెళ్ళింది. టీవీని గోడనుంచి ముందుకు లాగి ఏ వైపుకైనా తిప్పుకునే ఇనప స్టాండు వచ్చింది. బిగించాక దేవమణి టీవీని కిటికీకేసి పూర్తిగా తిప్పేసింది.

"అమ్మా, మరి మీకు సోఫాలోకి ఏటి కనబడతాదండి?"

"కనబడినంత కనబడతాది. మర గట్టిగా బిగించు."

ఏడింటికి వాకింగ్ నుంచి వచ్చిన గార్డుగారు గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏటే, ఇలగ తిప్పీసావు?"

"కిటికీ ఏపు గాలి తగుల్తాదని. టీవీకి ఉక్కగా ఉన్నాది."

గార్డుగారు ఆమె మొహంలోకి చూశారు. ఈసారి ఎదురుగానే నిలబడి చూశారు.

"నీకు తెల్సిపోయిందేటి?"

"నాకేటీ తెల్దు. మీకు తెలుసని ఆవిడికి తెల్దు. అలగే ఉండనీండి. మీకెప్పుడు తెల్సింది?"

"మన ప్లాస్మా మొదటిసారి ఆరిపోయింది సూడు, ఆ రోజు. నాను ఏటీ అనకముందే ఎదురింట్లోంచి 'ఓలమ్మో!' అని ఇనబడింది."

ఇద్దరూ సోఫాలో కూర్చుని, తలలు ఒకే వైపుకు వాల్చి, టీవీ అంచు చూస్తూ సీరియల్ పూర్తి చేశారు. పేపరు మడతపెట్టే ఉంది. ఎదుటి గడప దగ్గర సుభద్రమ్మ చెంపకు చెయ్యి ఆనించుకుని కదలకుండా చూసి, అయ్యాక లోపలికి వెళ్ళింది.

కాసేపటికి జగన్నాధం గొంతు వీధంతా మోగింది. ఎవరి శబ్దమూ పడదు గానీ ఆయన గొంతు మాత్రం మంచం పట్టలేదు.

"ఒసే, మొన్న పెళ్ళయిపోయిన గుంటకి ఈయాల మళ్ళీ పెళ్ళిసూపులేటే?"

సుభద్రమ్మ ఒక్క క్షణమైనా తడుముకోలేదు.

"మొన్నటిది ఆ గుంటకొచ్చిన కలయ్యా! ఇన్ను మరి, మద్దిలో మాటాడకు!"