పుస్తకంలో లేని జవాబు

మా పిన్ని ఆసుపత్రి రికార్డు గదిలో పదమూడేళ్లుగా ఫైళ్ల బండి తోస్తోంది. మోకాళ్లు అరిగిపోయాయి. గుమాస్తా పరీక్ష గట్టెక్కితే ఇక కుర్చీలో కూర్చుని చేసే పని. వయసు నిబంధన వల్ల ఈసారిదే ఆఖరు అవకాశం.

పరీక్షలో జబ్బుల పేర్లకు అర్థాలు రాయాలి. ఒక చిన్న పుస్తకం ఇచ్చి, అందులో ఉన్నది ఉన్నట్టు బట్టీ పట్టమంటారు. పిన్నికి బట్టీ ఒంటపట్టదు. ఎప్పుడో ఒక ముసలి డాక్టరు, ఈ పేర్లన్నీ గ్రీకు, లాటిన్ ముక్కలు అతికించినవేనని చెప్పి నాలుగు ముక్కలు నేర్పాడు. మిగతావి ఫైళ్లు చూసి తనే పట్టుకుంది. 'ఐటిస్' అంటే వాపు, 'ఎక్టమీ' అంటే కోసి తీసేయడం. అన్నీ వంటింటి అల్మరా తలుపు లోపలివైపు సుద్దముక్కతో రాసుకుంది. ఒకసారి నేను పొరపాటున తుడిచేస్తే రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

కిందటిసారి 'ఆర్థ్రైటిస్'కి 'కీళ్ల వాపు' అని రాసింది. ఆ జబ్బు ఆవిడకే ఉంది. రికార్డు ఆఫీసరు సున్నా వేసి, పక్కన ఎర్ర సిరాతో 'ఊహించి రాయరాదు' అని రాశాడు. నాకైతే ఒళ్లు మండిపోయింది.

ఈసారి పరీక్ష రాసిన మర్నాడు ఆ ఆఫీసరే పిన్నిని వెతుక్కుంటూ ఫైళ్ల మధ్యకు వచ్చాడు. భార్య వీపు మీద గడ్డ లేచిందట. చేతిలో రిపోర్టు. అందులోని 'లైపోమా' అన్న మాట ఆయన పుస్తకంలో లేదు. చివర్న ఉన్న 'ఓమా' మాత్రం క్యాన్సర్ ఫైళ్ల మీద రోజూ చూసేదే. డాక్టరు సాయంత్రం గానీ రాడు.

"ఇదేంటో కాస్త చూసి చెప్పమ్మా," అన్నాడు.

"'లైపో' అంటే కొవ్వు సార్. 'ఓమా' అంటే గడ్డ. ఉత్త కొవ్వు గడ్డలా ఉంది, కంగారు పడకండి. డాక్టరు గారిని కూడా అడగండి."

ఆయన స్టూలు మీద కూలబడి మంచినీళ్లు అడిగాడు. పిన్నే తెచ్చి ఇచ్చింది.

పది రోజులకు ఫలితాలొచ్చాయి. పాసుకు రెండు మార్కులు తక్కువ. జవాబుల పక్కన అదే ఎర్ర సిరా. పిన్ని కాగితం పట్టుకుని ఆయన బల్ల దగ్గరకు వెళ్లింది.

"ఇవి తప్పులా సార్?"

"తప్పని కాదమ్మా. పుస్తకంలో ఉన్నట్టు లేవు. రూలు అది, నా చేతుల్లో ఏముంది?" అన్నాడు. అంతలోనే ఆయన ముఖం విప్పారింది. "అన్నట్టు, మా ఆవిడకి మొన్న తీసేశారు. అచ్చం నువ్వు చెప్పినట్టే, కొవ్వు గడ్డేనట."

"మంచిది సార్," అని పిన్ని బండి దగ్గరకు వచ్చేసింది.

ఇంటికొచ్చి ఇదంతా చెబుతుంటే ఆ పెద్దమనిషిని నోటికొచ్చినట్టు తిట్టాను. పిన్ని అల్మరా తలుపు తీసి నిలబడి, గుడ్డ తడిపి ఇమ్మంది.

నేను ఇవ్వలేదు.