మడ్డి కలిసిన సున్నం

1967లో దసరా వెళ్లిన వారానికి నన్ను నిజామాబాద్ నుంచి బోధన్ వైపు ఒక పనికి వేశారు. అప్పుడు నేను పాత కట్టడాల మరమ్మతులు చూసే విభాగంలో సబ్ ఓవర్సీర్‌ని. మేస్త్రీకి పైన, ఓవర్సీర్‌కు కింద ఉండే హోదా అది. పైవాడు తిడితే నిలబడి వినాలి, కిందివాడు తప్పు చేస్తే ముందు మనల్నే పిలుస్తారు. నాకు ఇరవై ఆరేళ్లు. కొత్త తెల్ల బుష్‌షర్టు, జేబులో మడత కొలబద్ద, తల నిండా పొగరు.

ఒక పెద్ద చెరువు నడుమ దిబ్బ ఉండేది. దాని మీద ఎప్పటి జాగీర్దారో గాలి కోసం కట్టించుకున్న బారాదరి, అంటే పన్నెండు కమానుల మంటపం. అప్పటికే ఆదివారం వస్తే చాలు, చక్కెర ఫ్యాక్టరీ కార్మికుల కుటుంబాలు, కాలువ కింద భూములు కొనుక్కున్న కోస్తా రైతులు, సరిహద్దు అవతలి మరాఠీ వాళ్లు పడవెక్కి దిబ్బకు పోయేవాళ్లు. పడవ దిగేచోట పాత మెట్లు కూలిపోయి, బురదలో కాలు పెట్టి ఎక్కాల్సి వచ్చేది. ఆ మెట్లు మళ్లీ కట్టి, దిబ్బను సందర్శకులకు పద్ధతిగా తెరవాలన్నది ప్రభుత్వ నిర్ణయం. నీటి మట్టానికి పైన తొమ్మిది మెట్లు, అటూ ఇటూ పిట్టగోడలు. లింబాద్రి గుట్ట జాతర తర్వాత వచ్చే రెండో ఆదివారం ప్రారంభమని చాటింపు కూడా వేయించారు.

పని ఎల్లయ్య మేస్త్రీది. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. సున్నం పనిలో ఆ జిల్లాలో అతన్ని మించినవాడు లేడని మా ఇంజనీరే అనేవాడు. పదకొండేళ్లుగా రోజు హాజరు పట్టీ మీదే పనిచేస్తున్నాడు. పని ఉంటే పిలుపు, లేకపోతే లేదు. ఆ ఏడు ఒకే ఒక్క పర్మనెంటు మేస్త్రీ పోస్టు వచ్చింది. ఎల్లయ్య పేరుతో ఫైలు ఇంజనీరు టేబుల్ మీద ఉంది. ఈ మెట్లు బాగా లేస్తే ఉత్తర్వు వచ్చేస్తుందని అందరికీ తెలుసు. ఎల్లయ్య భార్య సాయవ్వ అక్కడే సున్నం తట్టలు మోసేది. "సాబ్, గీ కాయిదం వస్తె మా ఇంట్ల పొయ్యి రోజూ రాజుకుంటది" అని ఒకసారి నాతో అంది.

పాత కట్టడానికి సిమెంటు వాడకూడదు. డంగు సున్నమే వాడాలి. సున్నపురాయిని నానబెట్టి, ఇసుక, ఇటుక పొడి చేర్చి ఎద్దుల గానుగలో రుబ్బుతారు. కరక్కాయలు నానిన నీళ్లు, బెల్లం నీళ్లు అందులో పోస్తారు. బెల్లం తక్కువైతే పట్టు రాదు, ఎక్కువైతే అసలు గట్టిపడదు. అందుకే ఒక నియమం ఉండేది. గానుగలో పోసే ముందు సైటు చూసే సబ్ ఓవర్సీరు ఆ నీళ్లలో వేలు ముంచి నాలుకకు రాసుకుని చూడాలి, తర్వాతే సైట్ రిజిస్టరులో సంతకం పెట్టాలి. నాకు పని నేర్పిన పెద్దాయన రోజుకు నాలుగుసార్లు వేలు నాకేవాడు. నేను మాత్రం కూలీల ముందు వేలు నాకడమేమిటని, కుండలోకి తొంగి చూసి సంతకం గీకేసేవాణ్ణి. మెట్ల పని సాగిన ఇరవై రోజులూ అలాగే గీకాను. దానికి నాకు ఇప్పటికీ సిగ్గే.

ప్రారంభానికి సరిగ్గా వారం ముందు ఆదివారం, చర్చిలో ఆరాధన అయ్యాక బస్సెక్కి చెరువుకు పోయి, పడవలో దిబ్బకు పక్కగా దిగాను. మెట్లు ముచ్చటగా ఉన్నాయి. దగ్గరికి పోతే రాళ్ల సందుల పొడవునా చీమలు బారులు కట్టి ఉన్నాయి. ఒక్క మెట్టుకు కాదు, తొమ్మిదింటికీ. జేబులోని చాకు తీసి సందులో గుచ్చాను. పిడి దాకా దిగిపోయింది. సున్నం పైన పెచ్చు కట్టింది గానీ లోపల జిగురు ముద్దలా ఉంది. పడవవాణ్ణి పిలిచి, మామూలుగా వచ్చినట్టే వచ్చి పడవను మెట్టుకు ఆనించమన్నాను. తగిలిన రాయి వేలెడు పక్కకు జరిగింది. వచ్చే ఆదివారం ఇదే మెట్టు మీద ఆడవాళ్లు చంటిపిల్లల్ని చంకనేసుకుని దిగుతారు. కాలు జారితే పక్కనే రెండు నిలువుల నీళ్లు.

ఎల్లయ్యను పిలిపించి, సాయవ్వ ముందే నోటికొచ్చినట్టు అరిచాను. అతను సందులోని ముద్ద తీసి నాలుక మీద పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. తర్వాత జరిగింది చెప్పాడు. పని మొదలయ్యేనాటికే పాత బెల్లం అయిపోయింది, కొత్త బెల్లం ఇంకా బట్టీల నుంచి దిగలేదు. పని ఆగకూడదని, ఒక రైతు పశువుల దాణాలో కలిపేందుకు తెచ్చుకున్న ఫ్యాక్టరీ మడ్డి అడిగి తెచ్చాడు. చక్కెర తీసేశాక మిగిలే నల్లటి చిక్కటి పాకమది. ఫ్యాక్టరీ పొగ కింద బతికే మనిషి కాబట్టే అతనికి ఆ ఆలోచన వచ్చింది.

"గిది సుత చెరుకు రసమే గద సాబ్ అనుకున్న. బెల్లం లెక్కనే పోసిన. గింత మోసం జేస్తదనుకోలే" అన్నాడు.

నేను ఒక్కసారి వేలు ముంచి ఉంటే మొదటిరోజే తెలిసేది. మడ్డి చేదుగా, ఉప్పగా ఉంటుంది.

మర్నాడు నిజామాబాద్ పోయి ఇంజనీరుకు చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు గానీ, చాటింపు వేయించింది ఆయనే. సందుల మీద సిమెంటు పూయించి ప్రారంభం గట్టెక్కించెయ్, జనం పలచబడ్డాక విప్పి కట్టుకుందాం అన్నాడు. కుదరదన్నాను. ఆ మెట్లు పనికి వస్తాయన్న కాగితం మీద నా సంతకం పడదని, వేరేవాళ్ల చేత పెట్టించుకుంటే ఎందుకు పెట్టలేదో పైకి రాస్తానని చెప్పాను. ఆయన ఒక తెల్లకాగితం నా వైపు తోసి, "సరే. ఎవరి తప్పో రాసి ఇవ్వు. తర్వాత నన్ను అనొద్దు" అన్నాడు.

అక్కడే గుమస్తా బల్ల దగ్గర కూర్చుని రిపోర్టు రాశాను. అక్కడి నుంచి ఇంజనీరు టేబుల్ మీద ఎల్లయ్య ఫైలు కనిపిస్తూనే ఉంది. మడ్డి మాట రాశాను గానీ తెచ్చిందెవరో రాయలేదు. పరీక్ష చేయకుండా సరుకు ఒప్పుకున్నది నేను, పూర్తి బాధ్యత నాది అని రాసి సంతకం పెట్టాను. బయటికొచ్చి టీ తాగుతుంటే, నిజం చెప్తున్నా, నన్ను నేనే మెచ్చుకున్నాను.

సాయంత్రం దిబ్బకు చేరి, మెట్లు విప్పమని, రిపోర్టులో ఏం రాశానో కూడా చెప్పాను. ఎల్లయ్య సంతోషిస్తాడనుకున్నాను. అతని ముఖం నల్లబడింది.

"మెట్లు గట్టింది ఎవరు సాబ్?"

"నువ్వే."

"మరి తప్పు నీదెట్లయితది? నేనేమన్న తట్టలు మోసెటోన్నా? సున్నం గలిపింది నేను. మంచిగుంటె ఎల్లయ్య పని, చెడిపోతె సాబ్ పనా? గట్లయితె పదకొండేండ్ల సంది నేను జేసిందంత ఎవరిది?"

"నీ పోస్టు పోతదయ్యా" అన్నాను.

"పోతె పోనీ. జిమ్మేదారి నాది."

సాయవ్వ వైపు చూశాను, ఆమైనా నచ్చజెబుతుందని. ఆమె కళ్లనిండా నీళ్లే, కానీ మొగుణ్ణి ఆపలేదు. "ఆయన మాట ఆయనది సాబ్, నేనేమంట?" అని తట్ట ఎత్తుకుంది.

తెల్లారి ఇద్దరం ఇంజనీరు ముందు నిలబడ్డాం. ఇది రాస్తే ఏం పోగొట్టుకుంటావో తెలుసా అని ఆయన ఎల్లయ్యను అడిగాడు. "తెలుసు సార్. గని గా మెట్లు నావి" అన్నాడు ఎల్లయ్య. నా రిపోర్టు కింద, బెల్లానికి బదులు మడ్డి కలిపింది నేనే అని తన మాటలు రాయించి, నిజాం కాలం బడిలో నేర్చుకున్న ఉర్దూలో సంతకం చేశాడు. ఆ గదిలో నాకు తలెత్తబుద్ధి కాలేదు.

ఇందల్వాయి దగ్గర ఒక షావుకారు వద్ద పాత బెల్లం దొరికింది. రాళ్లన్నీ విప్పి, జిగురు గీకి, కడిగి మళ్లీ పేర్చాం. ఈసారి ప్రతి కుండలోనూ వేలు ముంచాను. కూలీలు మొదటిరోజు నవ్వారు, రెండోరోజు మానేశారు. చాటింపు వేసిన ఆదివారం జనం రానే వచ్చారు. ఒడ్డున తాడు కట్టి, పడవలు లేవని నేనే చెప్పాల్సి వచ్చింది. సద్దిమూటలతో వచ్చిన ఒక అవ్వ నడుం మీద చెయ్యి వేసి, "ఏం సాబ్, మెట్లు గడుతున్నరా, మెట్లకు పెండ్లి జేస్తున్నరా?" అని అడిగింది. చుట్టూ ఉన్నవాళ్లంతా పడీపడీ నవ్వారు. ఎల్లయ్య ముందుకొచ్చి, "అవ్వా, కట్టింది నేనే, చెడగొట్టింది నేనే. ఇంకో నెల ఆగు, నిన్ను నేనే చెయ్యి బట్టి ఎక్కిస్త" అన్నాడు. నెల తర్వాత చాకు మొన కూడా దిగలేదు. దిబ్బను తెరిచారు.

నాకు మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు ఆగింది. పోస్టు వేరే డివిజన్ మేస్త్రీకి పోయింది. ఎల్లయ్య ఇంకో మూడేళ్లు హాజరు పట్టీ మీదే పనిచేసి, ఆ తర్వాత పర్మనెంటు అయ్యాడు. నా ఉదారత వల్ల కాదు, తన చేతిపని వల్లే. ఆ మూడేళ్లలో నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ మొదటి రిపోర్టును మాత్రం మరిచిపోలేదని నాకు తెలుసు.

నేను ఓవర్సీరునై, ఆ తర్వాత సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యేదాకా తప్పుల మీద చాలా రిపోర్టులు రాశాను. పనివాడి తప్పును మన మీద వేసుకుంటే అతని పనిని కూడా మనం లాక్కున్నట్టేనని ఆ మెట్ల దగ్గర తెలిసింది. ఆ తర్వాత ఏ రిపోర్టులోనూ ఎవరి పేరూ దాచలేదు, నా పేరుతో సహా. ఎవరి గురించి రాశానో వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి చదివి వినిపించాకే సంతకం పెట్టాను.