కేసు పెట్టాను, ప్రార్థన మానలేదు

దేవుని కృపను బట్టి ఈ ఉదయం మీ ముందు నిలబడ్డాను సహోదరీ సహోదరులారా. నా పేరు సుగుణ, మాది మెట్టకూరు. మా ఆయన రొయ్యల చెరువుల దగ్గర సూపర్‌వైజరు, మన మందిరంలోనే డోలక్ వాయించేవాడు, చుక్క ముట్టడు. మందు చవగ్గా దొరికే యానాంలో తాగని మొగుడు దొరికాడంటే అంతకన్నా ఏం కావాలని మా పుట్టింటివాళ్లు మురిసిపోయేవారు. ఆ తాగని మనిషే నన్ను కొట్టేవాడు. ఫోనులో ఎవరితో మాట్లాడావని కొట్టేవాడు, ఆటోలో ఎవరి పక్కన కూర్చున్నావని కొట్టేవాడు. ఫరంపేట బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పుకునేదాన్ని, అదీ మాన్పించాడు. నేను గుమ్మం దాటితే తనకు చెప్పమని వాళ్లమ్మకు పురమాయించి చెరువుకు పోయేవాడు. మా అత్తగారు సంతోషమ్మ గారు పెద్దగా మాట్లాడే మనిషి కాదు, వసారాలో కూర్చుని అన్నీ చూస్తూ ఉండేవారు. ఆదివారం వచ్చేసరికి మాత్రం ఇస్త్రీ బట్టలు కట్టుకుని అందరం మందిరానికి వచ్చేవాళ్లం. ఆయన డోలక్ వాయిస్తుంటే నేను తల దించుకుని పాడేదాన్ని.

ఆ రోజుల్లో నా ప్రార్థన ఒకటే, "ప్రభువా, ఆయన్ని మార్చు, లేదంటే నాకు ఓర్పునివ్వు." ఓర్పు ఇస్తూనే ఉన్నాడు గాని దెబ్బలు ఆగలేదు.

ఒక శనివారం పొద్దున మా అమ్మ పక్కింటి ఫోనుకు చేస్తే వెళ్లి మాట్లాడానని, నా చెయ్యి వెనక్కి మెలిపెట్టాడు. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. ఆసుపత్రికి ఆయనే తీసుకెళ్లాడు, బాత్రూంలో జారిపడిందని ఆయనే చెప్పాడు, నేను తలాడించాను. కట్టు కట్టించుకుని ఇంటికి వచ్చాక మా పాప కెజియా, అప్పటికి ఒకటో తరగతి, నా దగ్గరికి వచ్చి కట్టు మీద చెయ్యి పెట్టి, "అమ్మా, నువ్వు జారిపడ్డావని మా టీచర్‌కి చెప్పనా?" అని అడిగింది. నా బిడ్డ కూడా నాతోపాటు అబద్ధం నేర్చుకుంటోంది సహోదరులారా. ఆ మాటతో నా ప్రార్థన మారింది. "దేవా, ఓర్పు చాలు. నాకు నోరివ్వు" అని అడిగాను.

సోమవారం ఆయన చెరువుకు వెళ్లగానే పాపను తీసుకుని గుమ్మం దాటాను. మా అత్తగారు చూశారు, ఆపలేదు. నేరుగా మన పాస్టరమ్మ గారి దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పి, ప్రార్థన చేయమని అడిగాను. ఆమె నన్ను దగ్గరికి తీసుకుని, "చేద్దాం తల్లీ. చేసేసి ఆఫీసుకి కూడా ఎల్దాం. నేనొత్తాను" అన్నారు. ఇద్దరం మోకాళ్లూని ప్రార్థించి, లేచి, ఆటో ఎక్కాం.

ఆడవాళ్లకు రక్షణ అధికారి అని ప్రభుత్వం ఒకరిని పెట్టిందని నాకు అప్పటిదాకా తెలియదు. కేసంటే మొగుడు జైలుకు పోవడం, కాపురం విడిపోవడం అనే అనుకున్నాను. ఆ ఆఫీసులో ఉన్న రక్షణ అధికారి మేడమ్ ఓపిగ్గా చెప్పారు. గృహహింస చట్టం కింద, ఇక నీ మీద చెయ్యి ఎత్తకూడదని కోర్టు ఆయన్ని ఆదేశించవచ్చట, ఇల్లు ఆయన పేరున ఉన్నా నిన్ను బయటికి గెంటకుండా ఆపవచ్చట, అవసరమైతే ఆయన్నే బయట ఉండమనవచ్చట, ఆడవాళ్లకు లాయరును ఉచితంగా ఇస్తారట. "నీకేం కావాలో నువ్వు చెప్పమ్మా" అన్నారు. నాకేం కావాలని నన్ను అడిగినవాళ్లు ఎన్నాళ్లకు కనిపించారో! కొట్టకూడదు, ఇంట్లోంచి పంపకూడదు, బడికి వెళ్లనివ్వాలి అన్నాను. ఆమె రాసుకుని కోర్టుకు పంపారు. ఆ మధ్యకాలం అగ్రహారంలో మా అక్క ఇంట్లో ఉన్నాం.

అక్కడికి సంఘంలో కొందరు పెద్దలు వచ్చారు. వారి మీద నాకు కోపం లేదు, మంచి మనసుతోనే వచ్చారు. భర్తను క్షమించడం విశ్వాసురాలి ధర్మమని, కేసు వెనక్కి తీసుకుంటే తామే పూచీ ఉంటామని అన్నారు. ఈసారి నోరు తెరిచాను. "దేవుడి ముందు చమించేసేనండి. కోర్టు ఆర్డరు మాత్రం నాకు కావాలండి" అన్నాను. పూచీ ఉంటామన్న పెద్దలు మా ఇంట్లో ఉండరు కదా.

కోర్టులో మా ఆయన తన తరఫు సాక్షిగా వాళ్లమ్మను తీసుకొచ్చాడు. ఆమెను చూడగానే, "ప్రభువా, ఆమె ఏం చెప్పినా నా నోరు మూతపడనివ్వకు" అని బెంచీ మీద కూర్చుని ప్రార్థించాను. కోడలు జారిపడింది నిజమేనా అని మా ఆయన తరఫు లాయరు గారు అడిగారు. మా అత్తగారు కొడుకు వైపు ఒకసారి చూసి, మేజిస్ట్రేటు గారి వైపు తిరిగారు.

"పడలేదండి. నా కొడుకే చెయ్యి మెలిపెట్టేడండి. వసారాలో కూకుని చూసేనండి. మా ఆయన నన్ను కొట్టినప్పుడు కూడా మా అత్త ఇలాగే చూసిందండి, ఎవరికీ చెప్పలేదు. నేను చెప్తన్నానండి."

నేను ఏడ్చాను, కానీ అది దుఃఖం కాదు. నా నోటి కోసం అడిగితే దేవుడు ఇద్దరి నోళ్లు తెరిచాడు!

ఆర్డరు వచ్చింది. రక్షణ అధికారి మేడమ్ వెంట పట్టపగలు నా ఇంటికి నేను తిరిగి వచ్చాను. మా అత్తగారు నాతోనే ఉన్నారు, ఇప్పుడు ఇద్దరం కలిసి వండుకుంటాం. నేను మళ్లీ బడికి వెళుతున్నాను. మా ఆయన కోర్టు ఆదేశించినట్టు బయట, చెరువుల దగ్గర గదిలో ఉంటున్నాడు, కౌన్సెలింగుకు ఒకసారి వస్తే ఒకసారి రాడు. మారాడని మీకు చెప్పలేను, మారాలని రోజూ ప్రార్థిస్తున్నాను. మారినా మారకపోయినా, ఇక నా మీద చెయ్యి పడదు. నన్ను విడిపించిన దేవునికే మహిమ. ఆయన నాకోసం పంపింది ఆకాశం నుంచి దూతను కాదు, ఒక పాస్టరమ్మను, ఒక ఆఫీసరును, ఒక అత్తను. వాళ్లందరి కోసం స్తోత్రం చెల్లిస్తున్నాను.

ఇంత ఎండలో మోచేతులు దాటిన జాకెట్టు తొడుక్కుని ఈ మందిరంలో కూర్చున్న అక్కలు ఎవరైనా ఉంటే, మీతో ఒక మాట. ప్రభువును నమ్మండి, నమ్మి లేవండి. ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర నిలబడి ఉంటాను. నాతో ఏమీ చెప్పక్కర్లేదు, నా చెయ్యి పట్టుకుంటే చాలు. రేపు సోమవారం, ఆఫీసు తెరిచే ఉంటుంది. మీ వెంట నేను వస్తాను.