దేవుళ్ల పేర్ల దగ్గరే ఆగిపోయిన కంప్యూటర్

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే నా బిడ్డ రాస్తోంది. తనకు నచ్చనివి మధ్యలో వదిలేస్తుందేమోనని రాసిందంతా మళ్లీ చదివించుకుంటున్నాను.

మాది వికారాబాద్. పొద్దున్నే ఇద్దరం రైలెక్కి తాండూరు పోతాం. మా ఆయన పోయినప్పటి నుంచి నేను అక్కడ బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో ఊడుస్తున్నాను. ఆ దుమ్ముకే గొంతు ఇట్లా బొంగురుపోయింది. డిగ్రీ అయ్యాక బిడ్డకూ అక్కడే కంప్యూటర్ పని దొరికింది.

మోటారు ఎంత వేడెక్కిందో, ఎప్పుడు ఆగిందో మిషన్లు రోజుకో ఫైలు రాసుకుంటాయి. దాన్ని లాగ్ అంటారట. ఫ్యాక్టరీ నడిపే సేటు గదిలో కంప్యూటర్ ఆ ఫైళ్లు చదివి గోడ మీది తెరపై చూపించాలి. మోటారు కాలిపోకముందే సంగతి తెలుస్తుందని సేటు ఆశ. ఇదంతా కుదిర్చే పని నా బిడ్డది.

మొదటి రోజు ఫైలు తెర మీదికి వచ్చింది. రెండో రోజుది రాలేదు. మూడో రోజుదీ రాలేదు. ఫైళ్లు మాత్రం కంప్యూటర్లో వరుసగా ఉన్నాయి. బిడ్డ వైర్లు చూసింది, అన్నీ ఆపి మళ్లీ నడిపించింది. నేను నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చి తెరకు కట్టాను.

సేటు వచ్చి చూశాడు. “ఏందమ్మా, మోటార్లు కనవడాలె గాని మిరపకాయలు కనవడుతున్నయి?”

“దిష్టి తాకింది సేటూ.”

“దిష్టి సంగతి నాకు తెల్వదు. శనివారం దాక చూస్త. గప్పటికి కాకపోతే నీ బిడ్డ సోమవారం రావద్దు. హైదరాబాద్ నుంచి వేరేటోల్లను తెచ్చుకుంట.”

శుక్రవారం మధ్యాహ్నం జొన్నరొట్టెలు విప్పుకుని కూర్చున్నాం. బిడ్డకు ముద్ద దిగడం లేదు. మనసు మళ్లిద్దామని ఓ ముచ్చట ఎత్తుకున్నాను.

“నా పెండ్లయిన కొత్తల...”

“తెల్సమ్మా. పరిగి బస్సు.”

“ఏం తెల్సే? కండక్టర్ మా గొర్రెకు టికెట్ కొట్టిన సంగతి తెల్సా? పెండ్లయిన కొత్తల అనంగనే నీకు చెవులు మూసుకుంటయి. మొదటి మాట ఇంటవు, పాత ముచ్చటే అనుకుంటవు, గంతే. గా కంప్యూటర్ గుడ నీ లెక్కనే తయారైంది!”

బిడ్డ రొట్టె తుంచబోయి ఆగింది. “అమ్మా, మల్లొక్కసారి చెప్పు.”

“నా పెండ్లయిన కొత్తల...”

“గది కాదమ్మా!” అంటూ ఎంగిలి చెయ్యితోనే లోపలికి ఉరికింది.

ఆ కంప్యూటర్ ఫైలు పైభాగం చూసి, ఇది పాతదా కొత్తదా అని తేల్చుకుంటుందట. మా ఫైళ్లన్నింటి పైనా ఉన్నవి ఒకటే: దేవుళ్ల పేర్లు. పని మొదలైన రోజు నేనే పట్టుబట్టి, ప్రతి ఫైలు మొదట్లో అవి వచ్చేట్టు బిడ్డతో పెట్టించాను. మా ఇంట్లో శ్రీ లేకుండా కిరాణా చీటీ కూడా మొదలుపెట్టం. ఒకర్ని తలిచి ఒకర్ని వదిలితే అలుగుతారని, అనంతగిరి స్వామి నుంచి తాండూరు భద్రేశ్వరుడి దాకా, మా పోచమ్మతో కలిపి తొమ్మిది మందిని చెప్పాను. రోజూ అవే పేర్లు చూసి, నిన్న చదివిందే కదా అని కంప్యూటర్ ఫైలును పక్కన పెట్టేసింది.

“దేవుళ్లను తీసేస్త,” అంది బిడ్డ.

“తీసేస్తే నిన్ను ఇంట్లకు రానియ్య.”

“మరి పని పోతే?”

చాలాసేపు బేరమాడుకున్నాం. పైన తారీఖు, గంట, నిమిషం. వాటి కింద దేవుళ్లు. తారీఖు మాత్రం దేవుడు ఇచ్చింది కాదా అని సర్దుకున్నాను. బిడ్డ పాత ఫైళ్లకూ ఒక్కొక్కదానికి తారీఖు ఎక్కించింది.

శనివారం పొద్దున ఆగిపోయిన రోజులన్నీ ఒక్కసారిగా తెర మీదికి వచ్చాయి. మూడో మోటారు దగ్గర ఎర్రగుర్తు. నాలుగు రోజులుగా అది కాగుతూనే ఉందట. సేటు ఉరికి దాన్ని ఆపించాడు. వెనక్కి వచ్చి, “సోమవారం జర జల్ది రా బిడ్డా,” అన్నాడు. నేను మిరపకాయల దండ విప్పబోతే, “గది ఉండనియ్యమ్మా,” అన్నాడు.

ఇప్పుడు ఇంట్లో ఏ ముచ్చటైనా తారీఖుతోనే మొదలుపెడతాను. “ఇయ్యాల మంగళారం, పొద్దుగాల ఆరు గంటలు. నా పెండ్లయిన కొత్తల...”

బిడ్డ నవ్వుతుంది గానీ వింటుంది. మొన్న గొర్రె టికెట్ దాకా వచ్చాం.