మా పొయ్యి సముద్రం చూసొచ్చింది

కోవిల్‌పట్టిలో మా వెల్డింగ్ షాపులో నేనూ మా ఆయనా చేసిన చిన్న కట్టెల పొయ్యి ఈ పొద్దు తూత్తుకుడిలో పడవెక్కింది. ఆ పడవ సొంతదారుని మేము అణ్ణాచ్చి అంటాము, అరవంలో పెద్దన్న అని. పోయిన నెల ఆయన పాత పొయ్యి అలకు ఒరిగి, నిప్పులు చెదిరి వల కాలిపోయింది. మనుషులు బతికి బయటపడినారు.

అందుకే ఈసారి ఇసక పోసిన ఇనప తట్టలో పొయ్యిని నిలిపి, తట్టను పడవ చెక్కలకు బోల్టులతో బిగించినాము. పొయ్యి తలుపుకు గొళ్ళెం, కుండ జారకుండా చుట్టూ కమ్మీ పెట్టినాము.

“సముద్రమే లేని ఊర్లో చేసిన పొయ్యి, నిలస్తుందామ్మా?” అన్నాడు అణ్ణాచ్చి.

“పడవ తీయండి అణ్ణాచ్చీ, నేనే వండతాను” అన్నాను.

రేవు దాటగానే పడవ ఊగింది. నీళ్ళ బకెట్ పట్టుకొని పొయ్యి పక్కనే కూర్చున్నాను. ఒక్క నిప్పు కూడా బయట పడలేదు. అన్నం ఉడికింది, అందరూ తిన్నారు. అణ్ణాచ్చి చెయ్యి కడుక్కుంటా, “మా తమ్ముడి పడవకూ ఇట్లాంటిదే చేసీమ్మా” అన్నాడు.

పడవలో వాంతి చేసుకున్నది నేనొక్కదాన్నే. పొయ్యి గెలిచినాక అది కూడా ఒక ఓటమేనా, మీరే చెప్పండి!