మా పిన్ని ముందుపన్ను

మా పిన్ని దర్జీ. కొత్త బట్టలు కుట్టే దర్జీ కాదు, పాతవాటిని సరిచేసే దర్జీ. బిగుతైన నడుములు వదులు చేయడం, పొడుగైన ప్యాంట్లు మడిచి కుట్టడం, పాడైన జిప్పులు మార్చడం, కోట్లకు గుండీలు వేయడం ఆమె పని. నాలుగంతస్తుల భవనంలో మెట్ల కింద మిగిలిపోయిన జాగాయే ఆమె దుకాణం. లోపలికి వెళ్ళేకొద్దీ కప్పు కిందికి దిగిపోతుంది. అందుకని పొట్టిదైన పిన్ని మూలన కుట్టుమిషను దగ్గర, తాటిచెట్టంత మా బాబాయి గుమ్మం దగ్గర ఎత్తుపీట మీద, ఎదురెదురుగా కూర్చునేవారు.

బాబాయికి వినపడదు. వయసులో ఉండగా నేతమిల్లులో మగ్గాలు నడిపేవాడు. ఆ షెడ్డులో వందల మగ్గాలు ఒక్కసారే ఆడుతుంటే పక్కవాడు అరిచినా వినపడేది కాదట. అక్కడ పనిచేసేవాళ్ళంతా పెదవుల కదలికను చూసే మాట్లాడుకునేవారు. పిన్ని కూడా అదే మిల్లులో, నేసిన గుడ్డలో తెగిన పోగులు అతికే పనిలో ఉండేది. వాళ్ళ పరిచయం, పోట్లాట, పెళ్ళిమాట అన్నీ ఆ రొదలోనే, ఒక్క శబ్దం లేకుండా జరిగిపోయాయి. మిల్లు మూతపడేనాటికి బాబాయి చెవులు కూడా మూతపడ్డాయి. కానీ ఇద్దరి మధ్యా మాటకేం లోటు రాలేదు. చెవిటి మిషను పెట్టించుకోమని ఎవరైనా సలహా ఇస్తే, "పెట్టి చూశాను. ప్రపంచంలో ఉన్న గోలంతా వినపడింది, ఈవిడ మాట తప్ప" అనేవాడు.

మిల్లు పోయాక బాబాయి దుకాణానికే వచ్చేశాడు. పాత కుట్లు విప్పి పెట్టడం ఆయన వంతు, కొత్తవి వేయడం ఆమె వంతు. నేను వీధి చివర మందుల షాపులో పనిచేస్తాను. సాయంత్రం డ్యూటీ అవగానే వెళ్ళి వాళ్ళ మధ్య గోనెమూట మీద చతికిలబడేదాన్ని. అంతకు మించిన వినోదం ఊళ్ళో ఇంకెక్కడా దొరికేది కాదు.

ఒకసారి ఒక పెద్దమనిషి ప్యాంటు తెచ్చాడు.

"ఉతికితే కుదించుకుపోయిందమ్మా, కాస్త వదులు చెయ్యాలి" అన్నాడు.

"అవునండీ, ఈ కాలం గుడ్డలింతే" అంది పిన్ని, మొహంలో ఒక్క గీతైనా కదలకుండా. ఆయన అటు తిరిగి గోడకున్న అద్దంలో జుట్టు సవరించుకుంటుంటే, గొంతు రానివ్వకుండా పెదవులతో బాబాయికి చెప్పింది: "ప్యాంటేం కుదించుకుపోలేదు, ఆయనే పొంగాడు."

బాబాయి గభాల్న కిందికి వంగి, చెప్పులకు లేని లేసులు కట్టుకోవడం మొదలుపెట్టాడు.

దుకాణంలో మూడు జతల కత్తెరలున్నా పిన్ని దారాన్ని పంటితోనే తెంపేది. పెళ్ళి కాకముందు నుంచీ ఉన్న అలవాటు. దారం రాసుకుని రాసుకుని పైవరస ముందుపన్ను అంచున సన్నటి గాటు పడింది. ఆ గాటు సంగతి పక్కన పెడితే, మా అమ్మమ్మ పిల్లలందరిలోకీ పలువరస బాగున్నది పిన్నికే. ఆ మాట ఎవరైనా అంటే "చాల్లే" అనేది గానీ, నవ్వు మాత్రం ఇంకాస్త వెడల్పయ్యేది.

చలి మొదలైన రోజుల్లో ఒక కాపలాదారు మందపాటి ఉన్నికోటు తెచ్చి పడేశాడు. గుండీలన్నీ ఊడిపోయాయి. పిన్ని మైనం రాసిన గట్టి దారంతో కుట్టి, అలవాటు కొద్దీ నోటి దగ్గరికి తీసుకెళ్ళి తెంపింది. దారం తెగలేదు. పన్ను తెగింది.

సరిగ్గా ఆ గాటు దగ్గరే, ఒక పక్క మూలంతా విరిగి అరచేతిలో పడింది. అది బియ్యపుగింజ కంటే పెద్దదేం కాదు. బాబాయి కుట్టు విప్పుతూ తల వంచుకుని ఉన్నాడు. తలెత్తేసరికి పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది.

"ఏమైంది?"

"ఏం లేదు, పన్ను కొంచెం పెచ్చు లేచింది. నొప్పేం లేదు," అంది, చెయ్యి ఒక్క క్షణం పక్కకు తీసి.

నొప్పి లేని మాట నిజమే. కానీ ఆ రాత్రి అద్దంలో చూసుకుంటే, తెల్లటి వరసకు నట్టనడుమ నల్లటి కంత. పిన్ని ప్రాణం చివుక్కుమంది. ఈ వయసులో పంటి సోకేమిటని జనం నవ్వుతారని సిగ్గు. ఆ బాధ ఎవరికీ చెప్పుకోలేదు. మర్నాటి నుంచి చెయ్యి నోటి మీదికి దానంతటదే వెళ్ళడం మొదలైంది. చేతిలో పని ఉంటే పెదవులు బిగించి మూతి కదలకుండా మాట్లాడేది. ఖాతాదారులకు ఇబ్బందేం లేదు, గొంతు వినపడుతోంది కదా. నాకూ ఇబ్బంది లేదు. పంటిపోటేమో అనుకుని ఊరుకున్నాను.

కొన్ని వారాల తర్వాత ఒక సాయంత్రం నేను వస్తుంటే బాబాయి బస్టాపు బెంచీ మీద కనిపించాడు. బస్సులొస్తున్నాయి, పోతున్నాయి, ఆయన ఎక్కడం లేదు. ఎదురుగా నిలబడి, పెదవులు తెలిసేలా నెమ్మదిగా అడిగాను.

"బాబాయ్, ఇక్కడేం చేస్తున్నావ్?"

"ఊరికే." నా వైపు వంగి, రహస్యం చెబుతున్నాననుకుని చెప్పాడు. వినపడని మనిషి కదా, ఆయన రహస్యం బస్టాపంతా విన్నది. "మీ పిన్నికి నేనంటే మొహం మొత్తిందమ్మా!"

సంచులు పట్టుకుని నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళు చప్పున ఇటు తిరిగారు.

"అదేం మాట బాబాయ్!"

"నిజం. నాతో మాట్లాడటం మానేసింది. ఏదడిగినా ఊఁ అన్నట్టు తల ఊపుతుంది. నేను చూస్తే మొహం తిప్పుకుంటుంది. నిన్న ఆ ప్యాంటాయన మళ్ళీ వచ్చాడు. ఈవిడ ఏమంటుందా అని చూస్తూ కూర్చున్నాను. ఏమీ అనలేదు." ఆయన తన చేతులవైపు చూసుకున్నాడు. "తప్పు పట్టడం లేదులే. ఎన్నాళ్ళని పెదాలు ఆడిస్తుంది పాపం? గొంతున్న మనిషికి వినే తోడు కావాలనిపిస్తుంది. విసుగొచ్చి ఉంటుంది."

అక్కడే ఉండమని చేత్తో సైగ చేసి దుకాణానికి పరుగెత్తాను.

పిన్ని చొక్కా కాలరు తిప్పి కుడుతోంది. నేను రొప్పుతూ బాబాయి అన్న మాటలన్నీ అన్నట్టే చెప్పాను. ఆమె మిషను తొక్కడం ఆపేసింది. సూది కింద గుడ్డ అలాగే ఉంది.

"పన్నొక్కటే దాచుకుంటున్నాననుకున్నానే," అంది, "ఆయనకు మాటే లేకుండా చేశానా?"

చెప్పులు కూడా సరిగా వేసుకోలేదు. తలుపు బార్లా తెరిచి వదిలేసి, గుండీల డబ్బా కాలికి తగిలి దొర్లినా చూడకుండా వెళ్ళిపోయింది. నేను గుండీలు ఏరి, తలుపు దగ్గరగా వేసి వెనకే వెళ్ళేసరికి ఆమె బెంచీ ముందు నిలబడి ఉంది. రెండు చేతులూ కిందికి వదిలేసి, విరిగిన పన్ను వీధిదీపం వెలుగులో పడేలా నోరు పూర్తిగా తెరిచి, శబ్దం లేకుండా గబగబా చెబుతోంది. ఏం చెప్పిందో నాకు అందలేదు. బాబాయి కళ్ళు మాత్రం ఆమె పెదవులను విడవలేదు.

"ఓసి పిచ్చిదానా!" అని ఒక్క అరుపు అరిచాడు. "ఇంత ముక్క కోసమా? నేను ఎక్కడికి పోవాలా అని ఆలోచిస్తున్నాను!"

సంచులు పట్టుకున్న ఆడవాళ్ళలో ఒకామె పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకుంది. వాళ్ళ బస్సు అప్పటికే వెళ్ళిపోయింది.

పళ్ళ డాక్టరు దగ్గరికి వెళదామంటే పిన్ని మళ్ళీ మొండికేసింది. సూదులతో బతుకు గడిపే మనిషికి సూదంటే భయం లేదు. పన్ను అరగదీసే ఆ మిషను చప్పుడంటేనే భయం. కీచుమని పుర్రెలోకి దిగుతుందని ఎవరో చెప్పారట.

"నాకా చప్పుడు వినపడదుగా," అన్నాడు బాబాయి. "నేను ఎదురుగా కూర్చుంటా. నువ్వు నా మొహం చూస్తూ ఉండు. నాకు భయం వేస్తే అప్పుడు నువ్వూ భయపడుదువుగాని."

ఆసుపత్రి రొట్టెల దుకాణం పై అంతస్తులో ఉంది. మెట్ల నిండా వేడి రొట్టె వాసన. డాక్టరమ్మ చిన్నపిల్లలాగే ఉంది. పన్ను తట్టి చూసి, గాలి ఊది చూసి, ఫోటో తీసింది. గుండీల డబ్బాలో దాచి ఉంచి, వెతికి తెచ్చిన పంటిముక్కను పిన్ని తన చేతిలో పెట్టబోతే నవ్వేసింది.

"అతికించలేనమ్మా, మిగిలిన పన్నులో కూడా చీలిక కనిపిస్తోంది. నరం మాత్రం బాగానే ఉంది, అదృష్టం. చుట్టూ కొంచెం అరగదీసి పైన క్యాప్ తొడుగుతాను. అచ్చు తీసి పంపితే అది తయారై వస్తుంది. అప్పటిదాకా తాత్కాలికంగా ఒకటి పెడతాను." తర్వాత బాబాయి వైపు తిరిగి, "మీరు బయట కూర్చోండి" అంది.

మాస్కు వెనక పెదవులు కనిపించక బాబాయి మర్యాదగా నవ్వాడు. ఆమె గొంతు పెంచింది. ఆయన ఇంకా మర్యాదగా నవ్వాడు.

"వినపడదండీ," అన్నాను. "పెదాలు చూస్తే అర్థమవుతుంది."

ఆమె రెండడుగులు వెనక్కి వేసి మాస్కు కిందికి లాగి, ఈసారి నెమ్మదిగా, "ఉంటారా ఇక్కడే?" అని అడిగింది.

"ఉంటానమ్మా. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, దాన్ని కొరకలేక అవస్థ పడుతున్నాడనుకున్నాడట. ఆ చెవిటివాణ్ణి నేనే. మీరేం చేసినా నాకు చూడముచ్చటగానే ఉంటుంది."

మత్తుసూది వేశాక పిన్ని పైపెదవి ఆమె మాట వినడం మానేసింది. ఏదో చెప్పబోతే పెదవి ఒకవైపు కదిలి రెండోవైపు నిద్రపోయింది. బాబాయి కళ్ళు చిట్లించి, "ఈ భాష ఎప్పుడు నేర్చుకున్నావే?" అన్నాడు. పిన్నికి నవ్వొచ్చింది, నవ్వడానికి పెదవి రాలేదు. అంతలో మిషను కీచుమంది. ఆమె వేళ్ళు కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాయి. బాబాయి మొహం మాత్రం చెరువు గట్టున కూర్చున్నవాడి మొహంలా ప్రశాంతంగా ఉంది. ఆ మొహం చూస్తూ చూస్తూ ఆమె వేళ్ళు వదులయ్యాయి. డాక్టరమ్మ అరగదీసింది, మెత్తటి ముద్ద నోట్లో పెట్టి అచ్చు తీసింది, పళ్ళ రంగుల పలకలు ఒక్కొక్కటే ఆమె పళ్ళ పక్కన పెట్టి కిటికీ వెలుగులో పోల్చింది. గుడ్డకు సరిపోయే దారం రంగు వెతుకుతున్నట్టే ఉందని పిన్ని తర్వాత మెచ్చుకుంది.

క్యాప్ వచ్చిందని కబురందాక మళ్ళీ ముగ్గురం వెళ్ళాం. డాక్టరమ్మ దాన్ని తొడిగి చూసి, "ఫ, వ వచ్చే మాటలు అనండమ్మా. కాఫీ, ఫ్యాను, వాన..." అంది.

పిన్ని ఎదురుగా ఉన్న బాబాయిని చూస్తూ అనేసింది. గొంతు లేకుండా.

"నాకు వినపడేట్టు అనండమ్మా!"

"అయ్యో, మర్చిపోయాను" అని పిన్ని సిగ్గుపడి, ఈసారి గట్టిగా అంది. అంచు కింది పెదవికి కాస్త ఒత్తుకుంటోందని డాక్టరమ్మ ఇంకొంచెం అరగదీసి, సరిచూసి, అంటించేసింది. "ఇకమీదట దారం పంటితో తెంపారో, మీకూ నాకూ మాటల్లేవు" అని కూడా చెప్పింది. తర్వాత మాస్కు దించి బాబాయిని అడిగింది, "ఎలా ఉందండీ?"

ఆయన చాలాసేపు చూశాడు. "నిన్నగాక మొన్న కాపురానికి వచ్చినట్టుంది," అన్నాడు, ఆసుపత్రంతా వినేలా.

పిన్ని ఆయన భుజం మీద ఒక్కటి వేసింది.

పన్ను బాగానే కుదిరింది. ఇప్పటికీ ఇది అసలుది కాదంటే ఎవరూ నమ్మరు. కత్తెరను నాడాకు కట్టి మెడలో వేసుకుంది గానీ, పని తొందరలో ఉంటే దారం ఇంకా నోటివైపే వెళ్తుంది. గుమ్మం దగ్గర్నుంచి బాబాయి పీట మీద తపతపా చరుస్తాడు.

అయితే నాకు ఎక్కువగా జ్ఞాపకం ఉన్నది ఆ రోజు ఇంటికి నడిచిన దారి. బస్సెక్కుదామంటే పిన్ని వద్దంది. తాత్కాలికపు పన్ను ఊడుతుందేమోనని అప్పటిదాకా మాటలు పొదుపు చేసింది, ఇన్ని వారాలుగా చెప్పకుండా ఉండిపోయినవన్నీ ఆమె నోటి నిండా ఉన్నాయి. పక్కపక్కన నడిస్తే బాబాయికి పెదవులు కనిపించవు. అందుకని ఆయన వైపు తిరిగి, అడుగులు వెనక్కి వేస్తూ, ఆపకుండా చెబుతూ నడిచింది. ఎదురొచ్చే సైకిళ్ళకూ, కరెంటు స్తంభాలకూ తగలకుండా బాబాయి ఆమె మోచెయ్యి పట్టుకుని, అప్పుడప్పుడు ఇటూ అటూ జరుపుతున్నాడు. కళ్ళు మాత్రం ఆమె మొహం మీద నుంచి తీయడం లేదు. మూడో అంతస్తులో కాపురం మారిన సంగతి, కాపలాదారు కోటు తీసుకెళ్ళిన సంగతి, మా అమ్మ ఫోన్లో అలిగిన సంగతి. నేను వెనక నడుస్తుంటే నాకు బాబాయి జవాబులొక్కటే వినపడుతున్నాయి.

"ఔనా!" అంటున్నాడాయన. "ఆఁ, తర్వాత? మరి ఆవేళ ఆ ప్యాంటాయన్ని మనసులో ఏమన్నావు?"