ఎండలో వేసిన కుర్చీ

“పిన్నీ, ఇది కారం మంట కాదేమో.”

ఫోన్ లైటు ఆమె నోట్లోకి పట్టుకుని నేనన్న మాట ఇది. ఎడమ బుగ్గ లోపల సున్నం అంటుకున్నట్టు తెల్లటి మచ్చ. గోరుతో గీకినా పోవడం లేదని ఆమే చెప్పింది. నా చంకలోని పాప ఆ నోట్లో వేలు పెట్టబోతే గబుక్కున వెనక్కి లాగాను.

“ఎందుకే లాగుతావు? నేనేమన్నా కరుస్తానా?” అని నోరు మూసింది కృపామణి పిన్ని.

ఆమెదీ మాదీ ఒకే ఊరు. ఆ ఊరు ఇప్పుడు ప్రాజెక్టు నీళ్ళ కింద ఉంది. సామాను ట్రాక్టర్ల మీద వేసుకుని సత్తెనపల్లి వైపు ఈ పునరావాస కాలనీకి వచ్చేనాటికి నేను హైస్కూల్లో ఉన్నాను. పక్క ఊరివాళ్ళు ఇప్పటికీ మమ్మల్ని మునకోళ్ళనే అంటారు. భూములు పోయాక మా ఆడవాళ్ళు ముఠాలు కట్టి మిరప కోతలకు వెళ్ళసాగారు. మొదటి ముఠా కట్టింది పిన్నే. కూలి తగ్గిస్తానన్న రైతు కల్లంలోనే అందరినీ కూర్చోబెట్టి, “కోసిన కాయలు మళ్ళీ చెట్లకి అంటించమంటావా?” అని అడిగిన మనిషి. ఆకలి తెలియకుండా బుగ్గన పొగాకు పెట్టుకోవడం ఆమెకు ఆ కోతల్లోనే అలవాటైంది.

మిరప పనిలో చేతులు మండుతాయి, కళ్ళు మండుతాయి. అందుకే నోరు మండినా ఎవరూ పట్టించుకోరు. ఘాటు పట్టింది, మజ్జిగ తాగమంటారు. పిన్ని కూడా కొన్ని నెలలుగా పండుమిరప పచ్చడిని మజ్జిగలో కడుక్కుని తింటోంది. పల్నాటి మనిషి పచ్చడి కడుక్కోవడమేమిటని ముఠాలో నవ్వుకున్నారే తప్ప, ఎందుకో ఎవరికీ తోచలేదు.

నేను జంతుశాస్త్రం చదివి, స్కూల్లో సైన్సు చెబుతున్నాను. ఆ చదువు నా భయాలకు పేర్లు పెట్టడానికి బాగా పనికొచ్చింది. పాప తుమ్మితే నాకు నిద్ర పట్టదు. ఇక ఆ మచ్చ చూశాక పిన్నిని వదల్లేదు, పరీక్ష చేయించుకోమని వెంటబడ్డాను.

ఊళ్ళు తిరిగే క్యాన్సర్ పరీక్షల బస్సు అప్పుడు మా మండలంలోనే ఉంది. దాన్ని కాలనీకి రమ్మని పిన్ని నర్సమ్మతో చెప్పింది. కాలనీ పెద్ద అంకారావు తాత అడ్డం తిరిగాడు.

“బస్సు ఈడ ఆగిందంటే మునకోళ్ళకి రోగం అంటారు. రేపు మన పిల్లలకి సంబంధాలు రావు. ఊరు ఎట్టాగూ పోయింది, పరువన్నా మిగలనీ, కృపామణీ.”

“పరువా? దాన్ని ఏ ట్రాక్టర్లో ఎక్కించావు బాబాయ్? నాకు కనపళ్ళేదే.”

ముఠాలో పెద్దది ఆరోగ్యమ్మ సర్దిచెప్పబోయింది. “ఊరవతల స్కూలు కాడ ఆపమందాం. చాటుగా పోయి చూపిచ్చుకుని రా.”

“దొంగతనం చేశానా చాటుగా పోను? నీళ్ళొస్తన్నాయన్నప్పుడు గూడా రావు రావు అని కూకున్నారు మీరు. మంచాలు తేలినాక లేచారు.”

పిన్ని పట్టు విడవలేదు. బస్సు వచ్చి కాలనీలోని చర్చి ముందు ఆగింది. డాక్టరు సైమా, చిన్నపిల్లలా ఉంది. “లోపలికి రండమ్మా, తెర ఉంది” అంది. పిన్ని చర్చిలోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, అందరూ చూస్తుండగా ఎండలో వేసుకుని కూర్చుంది.

“తెర ఎనకాల నువ్వు చూసేది ఒకటి, వీళ్ళు చెప్పుకునేది ఇంకోటి. నోరే గదా తెరిచేది, కోక గాదు గదా. ఈడనే చూడు.”

సైమా చానాసేపు చూసింది. చిన్న ముక్క తీసి గుంటూరులో పరీక్ష చేయించాలంది. పిన్ని జనం వైపు తిరిగింది.

“ఇన్నారుగా? ఇననోళ్ళుంటే మళ్ళీ చెప్పిస్తా,” అంది పిన్ని.

ఆ రోజు ఆ కుర్చీలో ఇంకెవరూ కూర్చోలేదు.

మర్నాడు చేలో జరిగింది ముఠాలోని సాబిరా చెప్పింది నాకు. అన్నం వేళ ముఠాలో క్యారేజీలన్నీ మధ్యలో పెట్టి అందరి కూరలూ అందరూ వేసుకుంటారు. ఆ పొత్తు లేని మనిషి ముఠాలో ఉన్నా లేనట్టే. ఆ రోజు పిన్ని గిన్నె మీదికి ఒక్క చెయ్యీ రాలేదట. పిన్ని గిన్నెను ఇంకాస్త మధ్యలోకి జరిపిందట.

“ఇది అంటుకునేది కాదని డాక్టరమ్మని అడిగే వచ్చా. అంటుకునేదైతే ఇన్నాళ్ళూ నా కూర నాకినందుకు మీకు ఎప్పుడో అంటుకునేది. తినండి. తిననోళ్ళు రేపట్నించి నా ముఠాలోకి రామాకండి.”

చివరికి సాబిరాయే, “నీ ఉపన్యాసం అయితే ఆ వంకాయ కూర ఇటు తొయ్యక్కా, ఆకలేస్తంది,” అని గిన్నె లాక్కుంది. ఒకరు నవ్వారు. ఒక్కొక్క చెయ్యీ వచ్చింది. అందరికంటే ఆఖర్న ఆరోగ్యమ్మ వేసుకుని, ఉప్పెక్కువైందని తిట్టి మరీ తిన్నది.

ఆ మచ్చ ఇంకా క్యాన్సర్ కాలేదు, అయ్యే దారిలో ఉందని గుంటూరులో తేల్చారు. కోసి తీసేశారు. అప్పుడప్పుడూ వచ్చి చూపించుకోమన్నారు. పిన్ని పొగాకు మానేసింది. మానినందుకు కొన్నాళ్ళపాటు కాలనీలో ఎదురొచ్చిన వాళ్ళందరినీ తిట్టింది.

బస్సు మళ్ళీ వచ్చినప్పుడు అదే చోట ఆగింది. కుర్చీ ముందే వేసి ఉంది. ఆరోగ్యమ్మ చూపించుకుని లేచాక, అంకారావు తాత చుట్ట పారేసి వచ్చి కూర్చున్నాడు.

“బాగా తెరువు బాబాయ్,” అంది పిన్ని. “పరువు లోపలుందేమో డాక్టరమ్మ చూస్తది.”

మొన్న పాపకు తల దువ్వుతుంటే చెవి వెనక గడ్డ తగిలింది. నేను గుమ్మంలోనే చతికిలబడి ఫోన్లో వెతకడం మొదలుపెట్టాను. ఒక జబ్బు పేరు చదివి, అంతకంటే పెద్దదానికి పోతున్నాను. అటుగా పోతున్న పిన్ని వచ్చి ఫోన్ లాక్కుంది.

“దీంట్లో ఉందా ఏంది నీ పిల్ల? ఎండలోకి తీసుకురా. ముందు కళ్ళతో చూడు. తర్వాత డాక్టరుకి చూపిచ్చు. అప్పుడు గూడా భయమేస్తే, భయపడుదువుగాని.”

ఎండలో చూస్తే పాప తలలో సెగ్గడ్డ ఉంది. దాని వల్లే చెవి వెనక బిళ్ళ కట్టిందని డాక్టరు మందు రాసిచ్చాడు. ఇప్పుడు ఏ అనుమానం వచ్చినా ఫోన్ లోపల పెట్టి, పాపను ముందు వాకిట్లోకి ఎత్తుకెళుతున్నాను.